పూటపడటం

సందేహం: యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానా మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. దేవుడికీ ప్రజలకూ మధ్య కుదిరిన 'బెరీత్'ను నిబంధన అనాలా, ఒడంబడిక అనాలా? అందరూ ఒకరికొకరు వహించేదాన్ని 'సామాజిక బాధ్యత' అనవచ్చా? 'పాపం చేశాం' అన్నచోట ముందు 'మనం' రావాలా, 'మేము' రావాలా?

సమాధానం: మొదటిది తేలిక. నిబంధన అంటే కట్టుబాటు. 'పాత నిబంధన' అన్న పేరు బైబిలు పాఠకులకు స్థిరపడింది. తక్కినవాళ్లకు మాత్రం అది ఇవాళ టికెట్టు వెనక చిన్న అక్షరాల్లో ఉండే షరతు. ఒడంబడికే రాయండి, ఇద్దరూ ఒప్పుకోవడం అందులోనే ఉంది. హీబ్రూలో బెరీత్‌ను 'కోస్తారు'. ఆదికాండం 15వ అధ్యాయంలో అబ్రాము పశువులను రెండుగా ఖండించిన తంతు చూడండి. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులో దించితే పాఠకుడు బెదురుతాడు, 'చేసుకున్నారు' చాలు.

రెండో మాట దగ్గర కాస్త ఆగాలి. ఇశ్రాయేలీయులందరూ ఒకరికొకరు 'అరేవీం' అంటుంది యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం తల్ముదు. అరేవ్ అంటే అప్పుకు జామీను నిలిచినవాడు. అవతలివాడు ఎగ్గొడితే తన జేబులోంచి కట్టాల్సిన మనిషి. 'సామాజిక బాధ్యత'లో ఆ బరువేదీ? మన పత్రికల్లో అది కంపెనీలు బడికి బెంచీలు కొనిచ్చే పద్దు. మన బైబిలు అనువాదకులు సామెతలు 6వ అధ్యాయం మొదట్లో ఇదే ధాతువుకు 'పూటపడు' అన్నారు. చక్కని మాట, వాడుకలోంచి జారిపోయింది. ఇప్పటివాళ్లకు 'పూచీ' వెంటనే తెలుస్తుంది. నేనైతే 'ఒకరికొకరు పూచీ' అని రాస్తాను.

రోష్ హషానాకు ముందు శనివారం యూదులు చదివే ద్వితీయోపదేశకాండ భాగంలో ఆ పూచీ ఎంత దూరం పోతుందో చూడండి. ఒడంబడికకు నిలబడ్డవాళ్లలో పెద్దలూ, పిల్లలూ, పరదేశులూ ఉన్నారు. కట్టెలు కొట్టేవాడి నుంచి నీళ్లు తోడేవాడి దాకా ఉన్నారు. ఆ రోజు అక్కడ లేనివాళ్లనూ కలుపుకున్నారు. అక్కడ హీబ్రూ బహువచనంతో మొదలై నడుమ ఏకవచనంలోకి దిగుతుంది. మన 'మీరు' ఒక్కరికి మర్యాద కూడా కాబట్టి, ఏకవచనం వచ్చినచోట 'నువ్వు' అనకపోతే ఆ మలుపు పాఠకుడికి కనబడదు.

ఇక మూడోది. దేవుడితో మాట్లాడేటప్పుడు 'మేము', ఎందుకంటే విన్నవాడు ఆ లెక్కలో లేడు. రోష్ హషానా ప్రార్థన 'అవీను మల్కేను' కూడా 'మా తండ్రీ, మా రాజా' అనే రావాలి. గురువు సభికులతో అంటే 'మనం'. మీరు అడిగిన వాక్యం, పదో రోజున వచ్చే ప్రాయశ్చిత్త దినం యోమ్ కిప్పూర్‌లో చెప్పే ఒప్పుకోలు అయితే, అసలు సర్వనామమే వద్దు. హీబ్రూ 'అషామ్ను'లోనూ అది విడిగా లేదు, క్రియలోనే ఉంది. మన 'చేశాం' కూడా అంతే, మేముకూ మనంకూ ఒకటే రూపం. 'తప్పు చేశాం' అని వదిలేయండి.