ఫ్రంట్ స్పీకర్లు మార్చాక డైలాగులు సరిగా వినపడకపోతే

అన్నా, మీ హోమ్ థియేటర్‌లో టీవీకి అటూ ఇటూ ఉండే ఫ్రంట్ స్పీకర్లు రెండూ పెద్దవి పెట్టాక పాటలు బాగున్నాయి కానీ డైలాగులు సన్నగా వస్తున్నాయన్నారు కదా, తప్పు కొత్త స్పీకర్లది కాదు. సినిమాలో మాటలు ఎక్కువగా వచ్చేది మధ్యలో ఉండే సెంటర్ స్పీకర్ నుంచే, మీది ఇంకా పాత చిన్నదే కాబట్టి రెండింటి గొంతూ కలవడం లేదు. తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంట్లోనూ ఇదే గోల, కొత్త ఫ్రంట్ స్పీకర్లు తెచ్చిన కంపెనీదే, అదే సిరీస్ సెంటర్ కూడా తెచ్చాకే కుదిరింది.

కొత్త సెంటర్ కొనేలోపు రిసీవర్‌లో (స్పీకర్లన్నిటినీ నడిపే ఆంప్లిఫయర్ పెట్టె) సెంటర్ లెవెల్ 2, 3 డెసిబెల్స్ పెంచండి. ఫ్రంట్ స్పీకర్లను 'స్మాల్'గా పెట్టి క్రాసోవర్ (ఎక్కడి నుంచి కింది బేస్ సబ్ వూఫర్‌కి పోవాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్ ఇస్తే బేస్ బరువు సబ్ వూఫర్ మోస్తుంది. మైక్ పెట్టి ఆటో సెటప్ (రిసీవరే స్పీకర్ల సౌండ్ కొలిచి సరిచేసుకునేది) మళ్లీ చేశారా? స్పీకర్ మార్చిన ప్రతిసారీ చేయాలి. అన్నట్టు, వైర్లలో ప్లస్, మైనస్ తారుమారు కాలేదు కదా, ఒకసారి చూడండి.