ఇంటర్నేషనల్ ఎమ్మే కోఆర్డినేటరైన అమ్మాయికి

అమ్మాయీ,

ఆశీస్సులు. ఇంటర్నేషనల్ ఎమ్మే ప్రోగ్రాంకి నిన్ను కోఆర్డినేటరుగా వేశారని తెలిసి సంతోషించాను. ఎక్కడ మొదలుపెట్టాలో రాయమన్నావు కాబట్టి తోచింది రాస్తున్నాను.

కల్చరల్ నైట్ గురించి టెన్షన్ పడకు. నువ్వు పట్టించుకోకపోయినా అది జరిగిపోతుంది. జెండాలు కడతారు, పేపర్లో ఫొటో వస్తుంది. నువ్వు చూసుకోవాల్సినవి అద్దె ఇల్లు, ఆఫీసు కౌంటరు, క్లాసులో గ్రూపులు. ఎవరైనా మనలో కలిసేదీ, విసిగి దూరంగా జరిగేదీ అక్కడే.

హాస్టల్లో గదులు అందరికీ చాలవు. సూడాన్ అబ్బాయి తార్నాకలో టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే ఖాళీగానే ఉందంటారు. మనిషి ఎదుటికి వెళ్లేసరికి నిన్ననే అడ్వాన్సు తీసుకున్నామంటారు. చివరికి సీనియర్లు టోలీచౌకిలో పారమౌంట్ కాలనీకి పంపుతారు. అక్కడ సోమాలియా, యెమెన్, సూడాన్ వాళ్లు ఎప్పట్నుంచో ఉన్నారు. తోడు దొరుకుతుంది, నిజమే. కానీ రోజూ క్యాంపస్‌కి రావడమంటే ఊరు ఈ కొస నుంచి ఆ కొసకి. నిజాం కాలంలో ఆఫ్రికన్ అశ్వదళం కాపురమున్న ఏసీ గార్డ్స్ ఈ ఊళ్లోనే ఉంది. అయినా ఆఫ్రికా వాడంటే మనకింకా వింతే!

ఓనర్లందరిదీ రంగు పట్టింపే అనుకోకు. విదేశీయుల్ని ఇంట్లో పెట్టుకుంటే 24 గంటల్లో వాళ్ల వివరాల ఫారం (ఇదివరకు ఫారం-సి అనేవారు) ఆన్‌లైన్‌లో నింపాలి. అదేదో పోలీసు గొడవని కొందరు జంకుతారు. మీ ఆఫీసు నుంచి ఒకరు వెళ్లి ఆ ఫారం దగ్గరుండి నింపిస్తే సగంమంది ఓనర్లు మెత్తబడతారు. 180 రోజులకు మించిన వీసా మీద వచ్చినవాళ్లు 14 రోజుల్లోపల ఎఫ్ఆర్ఆర్ఓలో, అంటే విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసులో, రిజిస్టర్ చేసుకోవాలి. దానికి ఇంటి చిరునామా రుజువు, మీ దగ్గర చదువుతున్నట్టు మీరిచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్ రెండూ అడుగుతారు. కాబట్టి బోనఫైడ్ అడిగినరోజే చేతికివ్వాలి. "సార్ సంతకానికి వెళ్లింది, సోమవారం రా" అనడం ఆ రెండు వారాల్లో కుదరదని క్లర్కుకు గట్టిగా చెప్పు.

కౌంటరు దగ్గర ఇంకో చిక్కుంది. ఇథియోపియా క్యాలెండర్ మనకన్నా ఏడెనిమిదేళ్లు వెనక నడుస్తుంది, ఏడాదికి 13 నెలలు. సర్టిఫికెట్ మీద సంవత్సరం పాస్‌పోర్టుతో పొంతన కుదరకపోతే మనవాళ్లు దొంగ కాగితమన్నట్టు చూస్తారు. సంవత్సరం పక్కన ఇ.సి. (ఇథియోపియన్ క్యాలెండర్) అనుందేమో చూడమను. సర్‌నేమ్ గడి కూడా అంతే. ఇథియోపియా, సోమాలియా వాళ్లకు ఇంటిపేరుండదు, తమ పేరు తర్వాత తండ్రి పేరు, తాత పేరు రాస్తారు. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే ఎక్కించమను. హాల్‌టికెట్లో ఒకటి, వీసాలో ఒకటి అయితే ఆ పిల్ల కాళ్లరిగేలా తిరగాలి.

ఇక క్లాసు. "గ్రూపులు మీరే చేసుకోండి" అని మాత్రం అనకు. తెలుగువాళ్లొక జట్టు, హిందీవాళ్లొక జట్టు అయిపోయి, మిగిలినవాళ్లంతా కలిసి ఒక గ్రూపవుతారు. నువ్వే వెయ్యి, సెమిస్టరు మధ్యలో మార్చు. పనులు కూడా నువ్వే పంచు. లేకపోతే ప్రతిసారీ రిపోర్టు టైపు చేసేదొకరు, స్టేజెక్కి మాట్లాడేదొకరు. తెలుగులో జోకేసి సగం క్లాసు నవ్వితే, మిగతా సగానికి అదేంటో వెంటనే చెప్పు. చెప్తే చప్పబడిపోయే జోకైతే అసలు వెయ్యకు.

ఇదంతా విదేశీ పిల్లల కోసమే అనుకుంటే పొరపాటు. మహబూబాబాద్ నుంచి తెలుగు మీడియంలో చదివొచ్చిన అమ్మాయి, అరబిక్‌లో చదివొచ్చిన అబ్బాయి ఇంగ్లిషు లెక్చరు దగ్గర ఒకేలా అవస్థ పడతారు. పాఠం నోట్సు ముందురోజే ఇచ్చెయ్. ఇద్దరికీ పనికొస్తుంది, ఎవరికీ ప్రత్యేకంగా చేసినట్టూ ఉండదు. వీల్‌చైర్ వాడేవాళ్లుంటే టైంటేబుల్ వేసేటప్పుడే కింది అంతస్తు గది రాసుకో. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో వికలాంగులకు కనీసం 5 శాతం సీట్లు ఇచ్చింది, లిఫ్టు లేని మూడో అంతస్తులో క్లాసు పెడితే ఆ సీటెందుకు?

రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది. ఇంటర్నల్స్ తేదీలు వేసేముందు క్యాలెండర్ చూసుకో. సాయంత్రం ల్యాబు ఉంటే ఇఫ్తార్‌కి పది నిమిషాలు వదిలితే చాలు. మెస్‌లో కారం సంగతి వాళ్లే చూసుకుంటారు, నెలలో అలవాటుపడతారు.

అన్నిటికన్నా కష్టమైనది ఫిర్యాదు. ఎవరో రంగు మీద వెక్కిరించినా, గైడు చులకనగా మాట్లాడినా స్కాలర్‌షిప్ మీద వచ్చిన పిల్లలు నోరెత్తరు. మార్కులు పోతాయని, వీసా మీదికి వస్తుందని భయం. కాబట్టి వాళ్లకు మార్కులు వెయ్యని మనిషి ఒకరుండాలి. వేరే డిపార్టుమెంటు నుంచి, వీలైతే ఒక మేడంని అడుగు. వారానికొక గంట తలుపు తెరిచి కూర్చుంటే చాలు. మొదటి రెండు నెలలు ఎవరూ రాకపోయినా ఆ గంట తీసెయ్యకు.

హబ్సిగూడలో నాకు తెలిసిన ఓనరొకాయన ఉన్నాడు. ముందే మాట్లాడితే రెండు పోర్షన్లు ఇస్తాడు. అడ్మిషన్ల లిస్టు రాగానే ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి వెళ్దాం.

మీ మేడం