నీ పరిశోధన ప్రభావ నివేదిక గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

పదోన్నతి కోసం నీవు రాసిన పరిశోధన ప్రభావ నివేదిక ముసాయిదాను రెండుసార్లు శ్రద్ధగా చదివాను. మొదటి పేజీ నిండా సైటేషన్ల (ఇతరులు నీ పత్రాలను ఉటంకించిన) లెక్క, దాని నుంచి కట్టే హెచ్-ఇండెక్స్, సదస్సుల పేర్లు ఉన్నాయి. వాటిని చివరి పేజీకి పంపించు. కంప్యూటర్ భద్రత, ప్రోగ్రామింగ్ భాషలు కలిసేచోట పనిచేసేవారిని సమీక్షకులు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: నీ పని వచ్చిన తరువాత ప్రోగ్రామర్లు ఏ రకం పొరపాటు చేయలేకపోతున్నారు, ఒకవేళ చేసినా అది దాడి చేసేవాడికి ఎందుకు అక్కరకు రావడం లేదు? దీనికి జవాబు మొదటి పేరాలోనే, మన రంగం తెలియని ఆచార్యులకు కూడా అర్థమయ్యే మాటల్లో ఉండాలి.

మెమరీ భద్రత (ప్రోగ్రాము తాకకూడని మెమరీని తాకకుండా చూడడం) మీద నీవు చేసిన తొలి పనిని, దానిని ఎవరూ వాడలేదన్న కారణంతో, రెండు వాక్యాల్లో దాటవేశావు. అది చదివి బాధ కలిగింది. సైక్లోన్ భాష సంగతి గుర్తుచేసుకో. సీ భాషను సురక్షితంగా మలచాలని ఏటీ అండ్ టీ ల్యాబ్స్, కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దానిని రూపొందించి, 2002లో పత్రాలు ప్రచురించారు. పాయింటర్ (మెమరీ చిరునామాను దాచే విలువ) చూపే మెమరీ ఏ రీజియన్‌కు (ఒకేసారి విడుదలయ్యే మెమరీ భాగానికి) చెందిందో దాని టైపులోనే (విలువ ఏ రకమో చెప్పే వివరణలోనే) నమోదు చేస్తే, విడుదలైపోయిన మెమరీని మళ్లీ తాకబోయే ప్రోగ్రామును దానిని యంత్రభాషలోకి మార్చే కంపైలరే నిరాకరిస్తుందన్నది అందులోని ఒక ముఖ్యమైన ఆలోచన. దానికి మూలం టోఫ్టే, టాల్పిన్ 1990లలో ఎంఎల్ కుటుంబపు భాషల కోసం చేసిన కృషి. సైక్లోన్ పరిశ్రమలో నిలదొక్కుకోలేదు, దాని అభివృద్ధి కూడా ఆగిపోయింది. అయినా 2015లో 1.0 వెర్షన్‌గా వెలువడిన రస్ట్ భాష, తనపై ప్రభావం చూపిన భాషలను పేర్కొంటూ, రీజియన్ల విషయంలో సైక్లోన్ పేరును తన రిఫరెన్స్‌లోనే చెప్పుకుంటుంది. నేడు రస్ట్ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నెల్ లోపలికి కూడా చేరింది. ఇటువంటి వారసత్వం సైటేషన్ల పట్టికలో కనిపించదు; భాషల రూపకల్పన చర్చల్లో, కోడ్ మార్పుల చరిత్రలో, విడుదల పత్రాల్లో ఓపికగా వెతకాలి. నీ పని కోసం ఆ వెతుకులాటకు ఒక వారం పూర్తిగా కేటాయించు. నీ ఆలోచనను తమ సాధనంలో వాడుకున్న ఇంజినీర్లు ఉంటే, దేనిని ఎందుకు తీసుకున్నారో వివరించే లేఖ అడుగు.

సమాచార ప్రవాహం (రహస్య సమాచారం ప్రోగ్రాము లోపల ఎక్కడెక్కడికి చేరుతుందన్నది) గురించిన అధ్యాయంలో నీకు ముందున్నవారి పేర్లు లేవు. డొరతీ డెన్నింగ్ 1976లో సమాచారాన్ని గోప్యత స్థాయిలుగా అమర్చి, అది ఏ స్థాయి నుంచి ఏ స్థాయికి ప్రవహించవచ్చో చెప్పే లాటిస్ నమూనాను ప్రతిపాదించారు. గోగెన్, మెసెగెర్ 1982లో నాన్‌ఇంటర్‌ఫియరెన్స్‌ను, అంటే రహస్య సమాచారం బయటికి కనిపించే ఫలితాన్ని మార్చకూడదన్న నియమాన్ని, నిర్వచించారు. వోల్పానో, స్మిత్, ఇర్విన్ 1996లో ప్రోగ్రాము ఆ నియమాన్ని పాటిస్తుందని టైప్ సిస్టమ్ (భాషలోని టైపుల నియమాలు) ద్వారా రుజువు చూపారు. ఆండ్రూ మైయర్స్ 1999లో జేఫ్లో అనే భాషతో దానిని జావా వంటి నిజమైన భాషలోకి తెచ్చారు. ఈ గొలుసులో నీ లంకె ఎక్కడుందో చూపిస్తే, నీ వాటా చిన్నదైనా స్పష్టంగా కనిపిస్తుంది.

‘పూర్తి భద్రత’ అన్న మాట మూడుచోట్ల ఉంది, మూడింటినీ తీసివెయ్యి. చాలా ఏళ్ల కిందట నా నివేదికలో, నా రుజువు కంపైలర్‌లో తప్పు లేదని నమ్మి నిలబడిందన్న సంగతిని నేను రాయలేదు. ఒక సమీక్షకుడు దానిని పట్టుకున్నాక మిగిలిన పేజీల మీద కూడా ఆయనకు నమ్మకం సడలింది. 2005లో కంట్రోల్-ఫ్లో ఇంటెగ్రిటీని (ప్రోగ్రాము ముందుగా అనుమతించిన దారుల్లోనే నడిచేలా చూసే పద్ధతిని) ప్రతిపాదించిన అబాడి బృందం ఈ విషయంలో మనకు ఆదర్శం. దాడి చేసేవాడు డేటా మెమరీని ఇష్టం వచ్చినట్లు మార్చగలడని వారు అంగీకరించారు. కోడ్‌ను మార్చడం, డేటాను కోడ్‌గా నడపడం మాత్రం సాధ్యం కావన్న తమ ఊహలను పత్రంలోనే విడిగా రాశారు. ఆ ఆలోచన ఇప్పుడు క్లాంగ్ కంపైలర్‌లో ఉంది. 2018లో ప్రాసెసర్ల నుంచి రహస్యాలు లీకయ్యే స్పెక్టర్ అనే లోపం బయటపడినప్పుడు ప్రాసెసర్ గురించిన ఊహే కూలిపోయింది కనుక, భాష స్థాయిలో నీవు ఇచ్చే హామీ హార్డ్‌వేర్ దగ్గర ఎక్కడ ఆగుతుందో తప్పకుండా రాయి. తమ ఉత్పత్తుల్లో సరిచేసే భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం మెమరీ లోపాలేనని మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు 2019లో చెప్పిన సంఖ్యను ఉంచుకోవచ్చు, అయితే అది మెమరీ లోపాల సమస్య ఎంత పెద్దదో చెబుతుందే తప్ప నీ పరిష్కారం ఎంతవరకు పనిచేస్తుందో చెప్పదు.

విద్యార్థుల పేర్లను వారు చేసిన పని పక్కనే చేర్చు. నివేదిక మొత్తం సిద్ధమయ్యేదాకా ఆగకుండా, కొత్త మొదటి పేరాను ముందుగా నాకు పంపు.