స్టెంట్ వేశాక మళ్లీ ఎదలో బరువు... గ్యాస్ అనుకోవచ్చా?

ప్రశ్న: మాది ఆదోని. మా ఆయనకు 57 ఏళ్లు, పత్తి మార్కెట్ యార్డులో గుమస్తా. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. మూడేళ్ల కిందట గుండెపోటు వస్తే కర్నూలులో ఒక స్టెంట్ వేశారు. అప్పటి నుంచి బాగానే ఉన్నారు. పది పన్నెండు రోజులుగా యార్డు నుంచి నడిచి వచ్చేటప్పుడు ఎదలో బండ పెట్టినట్టుంది, దవడ లాగుతోంది అంటున్నారు. కాసేపు నిలబడితే తగ్గుతుంది. మొదట్లో సగం దారిలో వచ్చేది, ఇప్పుడు పొద్దున స్నానం చేసి బట్టలు వేసుకుంటుంటేనే వస్తోంది. మా వీధిలో చూపిస్తే గ్యాస్ అని బిళ్లలు ఇచ్చారు. సోడా తాగితే తేన్పు వచ్చి తేలికవుతుంది కాబట్టి అదే అనుకుంటున్నాం. రెండు నెలల కిందట పన్ను పీకించుకునేటప్పుడు రక్తం పల్చన చేసే బిళ్ల ఆపారు, మళ్లీ మొదలుపెట్టలేదు. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి నడిచి వస్తానని మొక్కు కూడా ఉంది. పంపించవచ్చా?
– ఒక సోదరి, ఆదోని

జవాబు: అమ్మా, ఇది ఇక్కడ అచ్చయ్యేదాకా ఆగే సంగతి కాదు. అందుకే మీ ఉత్తరం చదివిన గంటలోపే ఇక్కడి వాళ్లతో మీకు ఫోన్ చేయించాను. ఆయన్ను ఆ పూటే ఆసుపత్రిలో చేర్చారని తెలిశాకే ఈ జవాబు రాయడానికి కూర్చున్నాను.

మీరు రాసినవాటిలో నన్ను కలవరపెట్టింది నొప్పి కాదు. స్టెంట్ వేసుకున్నవాళ్లలో కొందరికి బాగా ఎత్తు ఎక్కినప్పుడో బరువు మోసినప్పుడో కాస్త ఎద పట్టేయడం ఉంటుంది. ఏళ్ల తరబడి అదే పనికి, అదే మోతాదులో వచ్చి పోతుంటే మందులు సర్దుతాం, అంతే. కానీ మీ ఆయనకు మొదట సగం దారిలో వచ్చిన నొప్పి ఇప్పుడు బట్టలు వేసుకుంటుంటేనే వస్తోంది. పది రోజుల్లో నొప్పి దారి పొడవునా వెనక్కి నడిచి ఇంట్లోకి వచ్చింది. మూడేళ్లు ఏమీ లేని మనిషికి కొత్తగా రావడం, తక్కువ శ్రమకే రావడం, రోజులో ఎక్కువసార్లు రావడం, కూర్చుని ఉండగానే రావడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గుండెపోటుకు ముందు మెట్టుగానే చూస్తాం. రక్తనాళం గోడలో పేరుకున్న కొవ్వు చిట్లి, దాని మీద చిన్న గడ్డ కట్టి, దారి ఇంకా పూర్తిగా మూసుకుపోని దశ ఇది. ఆ మిగిలిన సందు గంటల్లో మూసుకోవచ్చు, వారాలు పట్టవచ్చు, ఎవరూ చెప్పలేరు.

స్టెంట్ వేశారు కదా, మళ్లీ ఎందుకని అడుగుతారు. స్టెంట్ బాగుచేసేది రెండు మూడు సెంటీమీటర్ల ముక్కను. మిగతా నాళాలన్నీ అదే షుగర్‌లో, అదే కొలెస్ట్రాల్‌లో ఉంటాయి. పైగా స్టెంట్ లోపల కూడా గడ్డ కట్టవచ్చు, అది కట్టకుండా కాపలా కాసేదే మీరు ఆపిన బిళ్ల. దాన్ని రక్తం పల్చన చేసేది అంటాం గానీ రక్తం నీళ్లలా ఏమీ అవదు, రక్తకణాలు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుందంతే. గుండెపోటుకు స్టెంట్ వేశాక సాధారణంగా ఏడాది పాటు అలాంటివి రెండు రకాలు ఇస్తాం, ఆ తర్వాత ఒకటి జీవితాంతం. పన్ను పీకడానికి దాన్ని ఆపాల్సిన అవసరం మామూలుగా ఉండదు. దూది నొక్కి పెడితే ఆగే రక్తం అది. ఆపమని దంతవైద్యులు అన్నా, ముందు గుండె డాక్టరుకు ఒక ఫోన్ చేయాలి. ఆపడం కన్నా మళ్లీ మొదలుపెట్టడం మరిచిపోవడమే ఎక్కువ ముప్పు. నా దగ్గరికి తిరిగి వచ్చిన స్టెంట్ పేషెంట్ల దగ్గర ఈ కథ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

ఇక సోడా. మీ ఆయన సోడా ఎలా తాగి ఉంటారో ఊహించగలను. నడుస్తూ నడుస్తూ ఎద పట్టేసింది, బంకు దగ్గర ఆగారు, బెంచీ మీద కూర్చున్నారు, ఐదు నిమిషాలు గుటకలేశారు, తగ్గింది. తగ్గించింది ఆ ఐదు నిమిషాల కూర్చోవడం, పేరు మాత్రం సోడాకు వచ్చింది. గుండె నుంచి, పొట్ట పైభాగం నుంచి వచ్చే నరాలు వెన్నుపాములో దగ్గరదగ్గరగానే కలుస్తాయి కాబట్టి అది గుండె నొప్పో కడుపు మంటో మెదడుకే సరిగ్గా తెలియదు. గుండెపోటులో తేన్పులు, వాంతి కూడా వస్తాయి. గ్యాస్ బిళ్లకు తగ్గినంత మాత్రాన గుండె కాదని తేలిపోదు. నడిస్తే వచ్చి, ఆగితే పోయే గ్యాస్ మాత్రం నేనింతవరకు చూడలేదు.

షుగర్ ఉన్నవాళ్లతో ఇంకో చిక్కు. నరాలు మొద్దుబారి ఉంటాయి, నొప్పే రాకపోవచ్చు. ఉన్నట్టుండి చల్లటి చెమట, నాలుగడుగులకే ఆయాసం, కారణం లేని నిస్సత్తువ, అంతే. ఆడవాళ్లలోనూ ఇలా వీపులో, మెడలో, ఆయాసంగా బయటపడడం ఎక్కువ. ఉత్తరాలన్నీ మా ఆయనకు అనే వస్తాయి, రాసే ఆవిడ తన సంగతి ఒక్క ముక్క రాయదు. మీరు కూడా బీపీ, షుగర్ చూపించుకోండి.

ఆయన ఇంటికి వచ్చాక మళ్లీ ఇలా వస్తే ఏం చేయాలో ఇద్దరూ ఇప్పుడే మాట్లాడుకోండి. ఉన్నచోటే కూర్చోవాలి. డాక్టరు రాసిచ్చిన సార్బిట్రేట్ బిళ్ల ఒకటి నాలుక కింద పెట్టుకోవాలి. నిలబడి పెట్టుకుంటే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మగతనం కోసం వాడే బిళ్లలు ఆ ముందు ఒకటి రెండు రోజుల్లో వేసుకుని ఉంటే మాత్రం ఇది ముట్టకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ఈ సంగతి భార్య ముందు చెప్పడానికి మొహమాటపడి డాక్టరు దగ్గర కూడా దాచేస్తారు. ఐదు నిమిషాలు చూడండి. తగ్గకపోతే, లేదా ఎక్కువవుతుంటే 108కి ఫోన్. ఆస్పిరిన్ పడనివాళ్లు, కడుపులో రక్తస్రావం అయినవాళ్లు కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగించాలి. నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో రాసిపెట్టుకోండి, ఆసుపత్రిలో మొదట అడిగేది అదే. బండి మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లవద్దు. అంబులెన్సు ఆలస్యమైతే ఏ కారైనా సరే, ఆయన మాత్రం స్టీరింగ్ పట్టకూడదు.

ఎక్కడికి తీసుకెళ్లాలి అన్న దగ్గరే మన వైపు ఎక్కువ పొరపాటు జరుగుతుంది. స్టెంట్ వేసింది కర్నూలు కాబట్టి కారు మాట్లాడుకుని నేరుగా కర్నూలుకు బయలుదేరుతారు. ఆదోని నుంచి అది దాదాపు వంద కిలోమీటర్లు, రెండు గంటల పైమాటే. నాళం పూర్తిగా మూసుకుపోయి ఉంటే ఆ రెండు గంటలూ గుండె కండరం చచ్చిపోతూనే ఉంటుంది. ముందు ఆదోని ఏరియా ఆసుపత్రికే వెళ్లండి. వెళ్లిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి, మీరు అడగండి. పూర్తిగా మూసుకుపోయిన గుండెపోటు అయితే గడ్డ కరిగించే టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్ అక్కడే ఇవ్వవచ్చు. స్టెమీ, అంటే ఇలా నాళం పూర్తిగా మూసుకుపోయిన గుండెపోటు, దాని కోసం పెట్టిన కార్యక్రమం కింద ఈ ఇంజెక్షన్‌ను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. ఎంత త్వరగా పడితే అంత కండరం మిగులుతుంది, 12 గంటలు దాటితే దాని వల్ల పెద్దగా లాభం ఉండదు. ఆ తర్వాత కర్నూలు పెద్దాసుపత్రికి పంపి, 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ చేస్తారు. సగం మూసుకున్న రకానికి ఈ ఇంజెక్షన్ పనికిరాదు, దానికి మందులు వేరు.

మొదటి ఈసీజీ బాగుందని ఇంటికి పంపితే ఊరుకోకండి. నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీ మామూలుగానే ఉండవచ్చు. మళ్లీ తీయాలి, గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చూడాలి. పాత డిశ్చార్జి కాగితం, పాత ఈసీజీ ఫోటో తీసి మీ ఫోన్లో ఒకటి, మీ పిల్లల ఫోన్లో ఒకటి పెట్టుకోండి. కొత్త ఈసీజీ పక్కన పాతది ఉంటే ఏం మారిందో డాక్టరుకు ఒక్క చూపులో తెలుస్తుంది. యాంజియోప్లాస్టీ అయినా బైపాస్ అయినా ఎన్టీఆర్ వైద్యసేవలో, అంటే మనం ఆరోగ్యశ్రీ అనే దాంట్లో, వర్తిస్తుంది. ఆధార్ కూడా ఆ కాగితాలతోనే ఉంచండి.

ఇంటికి వచ్చాక చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, 55 కన్నా తక్కువ, బీపీ 130/80 లోపు ఉండాలి. రిపోర్టు మీద 100 లోపు నార్మల్ అని అచ్చేసి ఉంటుంది, అది స్టెంట్ ఉన్నవాళ్లకు కాదు. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూరలు నిశ్చింతగా తినవచ్చు, శెనక్కాయలు గుప్పెడైతే పరవాలేదు. ఉగ్గాని తినవచ్చు, పక్కన బజ్జీలు వద్దు. ఉప్పు ఊరగాయతో కలిపి రోజుకు ఒక టీ చెంచా మించకూడదు. బీడీ ఉంటే పూర్తిగా మానాలి. మోకాళ్ల నొప్పులకు వీధిలో వేసే డైక్లోఫెనాక్ సూదులు గుండె జబ్బు ఉన్నవాళ్లకు హాని చేస్తాయి, ఒంట్లో నీరు పట్టిస్తాయి. మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగినా, పాదాలు వాచినా, రాత్రి ఇంకో దిండు పెట్టుకుంటే గానీ పడుకోలేకపోతున్నా, గుండె పంపింగ్ తగ్గుతోందేమోనని చూపించుకోవాలి.

మొక్కు గురించి అడిగారు. ఈ శ్రావణానికి నడక వద్దు. యాంజియోగ్రామ్ అయ్యి, అవసరమైన చికిత్స జరిగి, కొన్ని వారాలు రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ నడిచి, ఎద పట్టకుండా రెండంతస్తుల మెట్లు ఎక్కగలిగితే, ఆయన డాక్టరు సరే అంటే, వచ్చే ఏడాది చల్లపొద్దున కొంత దూరం నడవవచ్చు. ఈసారికి బస్సులో వెళ్లి రండి. ఈరన్న స్వామి బస్సు దిగి వచ్చినవాళ్లనూ చూస్తాడు. యార్డుకు మళ్లీ వెళ్లడం మొదలుపెట్టాక మాత్రం, సార్బిట్రేట్ ఏ జేబులో ఉందో పక్క కొట్టులో ఒకరికైనా చెప్పి ఉంచమనండి.