అంగుళాల లెక్క, మీటర్ల గుడ్డ

ప్రశ్న: తలుపు కర్టెన్లకు టైలరు 'ఒక్కోటి 94 అంగుళాలు, రెండు ముక్కలు' అని రాసిచ్చారు. కొట్లో గుడ్డ మీటర్లలో అమ్ముతారు. మొత్తం 188ని 36తో భాగిస్తే 5.2, 40తో భాగిస్తే 4.7 వస్తోంది. ఎంత కొనాలి?
– ఓ పాఠకురాలు, తిరుపతి

జవాబు: రెండూ తప్పే. 36తో భాగిస్తే వచ్చేవి గజాలు. మీటరు అంతకన్నా మూడంగుళాల పైచిలుకు పెద్దది: 39.37 అంగుళాలు. దాన్ని 40 చేసేస్తే మీ 188 మీద ఏడున్నర సెంటీమీటర్లు తగ్గిపోతుంది. అంటే మూడంగుళాలు, కింది మడతకే రాదు.

భాగహారం మానేసి 0.0254తో గుణించండి. 188 × 0.0254 = 4.775 మీటర్లు. 1959 ఒప్పందం ప్రకారం అంగుళం అంటే కచ్చితంగా 25.4 మిల్లీమీటర్లు కాబట్టి ఇందులో ఉజ్జాయింపు లేదు. నోటిలెక్కకైతే నూరంగుళాలు 2 మీటర్ల 54 సెంటీమీటర్లని గుర్తుంచుకుంటే చాలు.

ఆ 94లో మడతలు కలిపారో లేదో టైలర్ని అడగండి. ఏడడుగుల తలుపుకు 84, రింగులు పెట్టే పైమడతకు 6, కింద 4 వేస్తే సరిగ్గా 94. పాలిస్టరైతే 4.8 మీటర్లు చాలు. కాటనైతే 5.1 తీసుకోండి: ఉతికితే నూటికి మూడు నుంచి అయిదు దాకా కుంచించుకుపోతుంది, అందుకే తడిపి ఆరబెట్టాకే కత్తిరించాలి. పెద్ద పువ్వుల డిజైనైతే రెండు ముక్కల్లో పువ్వులు ఒకే ఎత్తున రావడానికి ఒక పువ్వు పొడవు అదనం. గుడ్డ పన్నా (వెడల్పు) కూడా చూడండి. 40 అంగుళాల తలుపుకు 48 పన్నా ముక్కలు రెండైతే కుచ్చులు నిండుగా పడతాయి.

ప్రశ్న: కిటికీ చట్రం లోపలి కొలత టేపు మీద 37 అంగుళాల 5 గీతలు. కాలిక్యులేటర్లో 37.5 కొట్టి 25.4తో గుణిస్తే 952.5 మి.మీ. వచ్చింది. 3 మి.మీ. తగ్గించి అద్దం కోయిస్తే వదులైంది. ఎందుకు?
– ఓ పాఠకుడు, చిత్తూరు

జవాబు: అయిదు గీతలంటే పాయింట్ అయిదు కాదు. మీ టేపులో అంగుళానికి ఎనిమిది భాగాలుంటే అది 5/8, అంటే 0.625. (కొన్ని టేపుల్లో పదహారుంటాయి, ముందు లెక్కపెట్టుకోండి.) 37.625 × 25.4 = 955.7. మూడు తగ్గిస్తే 952.7 కోయించాలి. మీరు 949.5 కోయించారు. అద్దానికి అసలు అంగుళాలే వద్దు, టేపు రెండో అంచున మిల్లీమీటర్లు చదివి అవే చెప్పండి.

అడుగులతోనూ ఇదే తంటా. 3.5 అడుగులంటే 3 అడుగుల 6 అంగుళాలు, 1067 మి.మీ. దాన్ని 3 అడుగుల 5 అంగుళాలుగా చదివితే 1041.

స్టీలు టేపు కొన కొక్కెం కాస్త కదులుతోందని సుత్తితో బిగించకండి. లోపలి కొలతకు నొక్కినా, బయటి కొలతకు తగిలించి లాగినా దాని మందం లెక్కలో సరిపోవాలనే అలా వదులుగా పెడతారు.