టెక్ సందేహాలు: సైజు కరెక్టే, మరి పిన్ను ఎందుకు దూరట్లేదు?

ప్రశ్న: మడికొండలో మాకు చిన్న లేత్ షాపు ఉంది. 100 మి.మీ. పొడవున్న పిన్నులు చేస్తాం. డ్రాయింగ్‌లో వ్యాసం 19.95 నుంచి 20.00. మైక్రోమీటర్ ఎక్కడ పెట్టినా 19.98 వస్తోంది. పిన్ను దూరాల్సిన బుష్షు బోరు (రంధ్రం) 20.01. క్యాడ్‌లో, అంటే కంప్యూటర్ మోడల్‌లో, అసెంబ్లీ చేస్తే ఎక్కడా తగలట్లేదు. అయినా కస్టమర్ దూరట్లేదని వాపస్ పంపిండు. స్ట్రెయిట్‌నెస్ (ఎంత తిన్నగా ఉండాలన్నది) గురించి డ్రాయింగ్‌లో ఏమీ లేదు కదా సార్?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: డ్రాయింగ్ ఏఎస్ఎంఈ వై14.5 అనే అమెరికన్ డ్రాయింగ్ ప్రమాణం ప్రకారం గీసిందైతే, రాయకపోయినా ఉన్నట్టే. ఆ ప్రమాణంలో రూల్ నంబర్ 1 ఇదే. గరిష్ఠ సైజుతో, అంటే 20.00 వ్యాసంతో, తిన్నటి గొట్టం ఒకటి ఊహించుకోండి. పిన్ను ఎక్కడా దాన్ని దాటకూడదు. సరిగ్గా 20.00 ఉన్న పిన్నుకు వంపు అసలే ఉండకూడదు. 19.98 అయితే 0.02 వరకు, 19.95 అయితే 0.05 వరకు చెల్లుతుంది. మీ పిన్ను 0.04 వంగిందనుకోండి. 19.98కి 0.04 కలిపితే 20.02. ఇక 20.01 బోరులో ఎట్లా దూరుతుంది?

మైక్రోమీటర్ తప్పు చూపలేదు. అది చూసేది ఎదురెదురుగా ఉన్న రెండు బిందువుల మధ్య దూరమే, వంపు దానికి అందదు. క్యాడ్ మోడల్‌లోనైతే పిన్ను ఎప్పుడూ తిన్నగానే ఉంటుంది.

సర్ఫేస్ ప్లేట్ (పూర్తి చదునైన బల్ల) మీద పిన్నును మెల్లగా దొర్లించి, వెనక బల్బు పెట్టి చూడండి. నడుమ వెలుతురు సందు కనిపించి మాయమవుతుంటే వంగినట్టే. కొలత కావాలంటే రెండు చివర్లూ వీ బ్లాకుల మీద ఆనించి, నడుమ డయల్ గేజ్ పెట్టి పిన్నును తిప్పండి. ముల్లు 0.08 ఊగితే వంపు అందులో సగం, 0.04. గో రింగ్ గేజ్‌తో (గరిష్ఠ సైజు రంధ్రమున్న రింగ్; మంచి పిన్ను అందులో దూరాలి) చూస్తే, అది పిన్నంత పొడవు ఉండాలి. పలుచటి రింగ్ వంకర పిన్ను మీద కూడా హాయిగా జారిపోతుంది. గో గేజ్ మొత్తం ఆకారాన్ని ఒకేసారి చూడాలన్నది 1905లో విలియం టేలర్ చెప్పిన సూత్రం.

ముందు డ్రాయింగ్ మూలన వివరాలుండే టైటిల్ బ్లాక్ చదవండి. ఐఎస్ఓ 8015 అనే అంతర్జాతీయ ప్రమాణం పేరు ఉంటే లెక్క తిరగబడుతుంది. అక్కడ సైజు వేరు, ఆకారం వేరు. కొలత పక్కన సున్నాలో ఇంగ్లిష్ E అక్షరం ఉంటేనే ఈ గొట్టం హద్దు వర్తిస్తుంది. ఆ గుర్తు, స్ట్రెయిట్‌నెస్ రెండూ లేకపోతే లోపం డ్రాయింగ్‌దే, మీ పిన్నుది కాదు. కస్టమర్‌కు ఆ మాట గట్టిగానే చెప్పండి. బజారులో కొన్న రాడ్డును పైన చెక్కకుండా కోసి ఇచ్చినా రూల్ 1 వర్తించదు.

సీఎంఎంలో (బిందువులను తాకుతూ కొలిచే కంప్యూటర్ యంత్రంలో) కొలిపిస్తుంటే ఆపరేటర్‌ను ఒకటి అడగండి: వ్యాసం సగటు పద్ధతిలో తీస్తున్నారా, పిన్నును చుట్టేసే అతి చిన్న సిలిండర్‌తోనా? దూరుతుందా లేదా అన్నది తేల్చేది రెండోదే.