గో లైవ్‌కి ముందు రోజు ఎవరి చేతిలో ఏముండాలి

చిరంజీవికి ఆశీస్సులు.

బుధవారం పొద్దున మీ ఆర్డర్ల సైట్ జనంలోకి వెళ్తోందని, టీమ్‌లో ఆరుగురే ఉన్నారని, ఆఖరి రోజు పని ఎలా పంచాలో చెప్పమని అడిగావు. ఆరుగురు చాలు తల్లీ. ఆఖరి గంటల్లో సైట్ దెబ్బతినేది ఒకే పని మీద ఇద్దరి చేతులు పడ్డప్పుడు, లేదంటే ఎవరికి వాళ్లు ‘వాడు చూస్తున్నాడులే’ అనుకున్నప్పుడు. అందుకే మంగళవారం మధ్యాహ్నం నుంచి సైట్‌ను ఇంకా మెరుగుపరచాలన్న ఆశ వదిలెయ్యండి. ఏ క్షణంలోనైనా వెనక్కి వచ్చే దారి తెరిచి ఉందా, దాన్ని ఎవరు తెరుస్తారు అన్నదొక్కటే చూసుకోండి.

మంగళవారం మధ్యాహ్నం 2 గంటలకు కోడ్ ఫ్రీజ్ పెట్టు, అంటే ఆ తర్వాత కోడ్‌లో మార్పులు ఆపెయ్యి. నోటిమాట సరిపోదు, మెయిన్ బ్రాంచ్‌లోకి, అంటే అసలు కోడ్‌లోకి, మార్పులు కలిపే (మెర్జ్ చేసే) హక్కు ఇద్దరికి తప్ప అందరికీ తీసెయ్యి. ఆ తర్వాత కూడా బగ్‌లు దొరుకుతూనే ఉంటాయి. దొరికిన ప్రతిదానికీ మూడే ప్రశ్నలు వెయ్యి: దీనివల్ల డబ్బు గానీ డేటా గానీ పోతుందా? లాగిన్, ఆర్డర్, పేమెంట్‌లలో ఏదైనా ఆగుతుందా? ఆ ఫీచర్‌ను మూసేసి లాంచ్ చేయలేమా? మొదటి రెండింటికీ ‘లేదు’ అయితే అది గురువారం లిస్టులోకి పోతుంది. అవునన్నా, మూసెయ్యడానికి వీలుంటే ముందు మూసెయ్యండి. కోడ్ ముట్టుకోక తప్పని పరిస్థితి వస్తే ఇద్దరు చదవాలి, ఆ తర్వాత లాగిన్ నుంచి రిఫండ్ దాకా పూర్తి దారి మళ్లీ నడిపి చూడాలి. ‘ఒక్క లైనే కదా’ అన్న మాటను ఆ రోజు ఒప్పుకోవద్దు. అది ఒక్క లైనే కాబట్టి ఎవరూ సరిగ్గా చదవరు, టెస్ట్ కూడా చేయరు.

ఇక మనుషులు. ఆఖరి మాట నీది, కాబట్టి నువ్వు కీబోర్డు ముట్టుకోకు. ఒకరు ప్రొడక్షన్‌లో, అంటే జనం వాడే అసలు సైట్ సర్వర్లలో, కమాండ్లు కొడతారు, ఆ ఒక్కరే. వాళ్ల పక్కన ఇంకొకరు కూర్చుని, ఎంటర్ నొక్కేముందు ఏ సర్వర్‌లో ఉన్నారో, ఏ కమాండ్ కొడుతున్నారో పైకి చదువుతారు. నాలుగోవారు ఎర్రర్ లాగులు (సర్వర్ తనంతట తాను రాసుకునే తప్పుల చిట్టా), గ్రాఫులు తప్ప ఇంకేమీ చూడరు. ఐదోవారు అసలు ఫోన్లతో టెస్ట్ చేస్తారు: ఒక పాత తక్కువ ధర ఆండ్రాయిడ్, ఒక ఐఫోన్, ఆఫీసు వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద. ఆరోవారు బయటి ప్రపంచానికి గొంతు. యజమాని, సపోర్ట్, మార్కెటింగ్, ఎవరు ఏం అడిగినా వాళ్లే జవాబిస్తారు. ఈ ఆరో మనిషి దండగ అని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో చాలా ముఖ్యమైన కుర్చీ అది. అక్కడ ఎవరూ లేకపోతే ‘అయిందా, అయిందా’ అన్న ఫోన్లన్నీ కమాండ్లు కొట్టే మనిషికే వస్తాయి.

పనుల క్రమమంతా ఒక షీట్‌లో రాయించు. ప్రతి వరుసలో చేసే మనిషి పేరు, కొట్టాల్సిన కమాండ్ పూర్తిగా, కొట్టాక స్క్రీన్ మీద ఏం కనిపించాలి, ఎంతసేపు పట్టాలి, తప్పితే వెనక్కి తీసుకునే కమాండ్. ఆ చివరి కాలమ్ ఖాళీగా ఉన్న వరుస ఇంకా సిద్ధం కాలేదన్నమాట. సోమవారమే స్టేజింగ్‌లో, అంటే పరీక్షల కోసం పెట్టుకున్న నకలు సైట్‌లో, ఈ షీట్‌ను మొదటి నుంచి చివరి దాకా నడిపి, రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌కి తిరిగి వెళ్లడం) కూడా నిజంగా చేసి, ఎన్ని నిమిషాలు పట్టిందో పక్కన రాయండి.

రోల్‌బ్యాక్ రిహార్సల్ మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ కొత్త కోడ్‌తో మార్కెట్‌లోకి వచ్చింది. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ ఎక్కలేదు. అందులో ఎప్పటిదో పాత కోడ్ మేలుకుని తప్పుడు ఆర్డర్లు గుమ్మరించింది. కంగారులో వాళ్లు, సరిగ్గా ఉన్న ఏడు సర్వర్ల నుంచి కూడా కొత్త కోడ్ తీసేశారు. దాంతో నష్టం ఇంకా పెరిగింది. దాదాపు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. మార్కెట్ తెరవకముందే వాళ్ల సిస్టమ్ నుంచి 97 ఈమెయిళ్లు ఆ పాత కోడ్ పేరుతో వెళ్లాయి. వాటిని చూసి కదలడం ఎవరి పనీ కాదు. మీకు రెండు సర్వర్లే ఉన్నా సరే, కొత్త కోడ్ ఎక్కించాక (డిప్లాయ్ అయ్యాక) ఒక్కోదాన్నీ విడిగా అడిగి వెర్షన్ నంబర్ సరిచూడండి. అలర్ట్ మెయిళ్లు వెళ్లే చిరునామాను ఎవరు తెరిచి చదువుతారో షీట్‌లో పేరు రాయండి.

డేటాబేస్ దగ్గర వెనక్కి వచ్చే దారి సులభంగా మూసుకుపోతుంది. లాంచ్‌లో కాలమ్ పేరు మార్చడం, కాలమ్ తీసెయ్యడం పెట్టుకోవద్దు. కొత్త కాలమ్ చేర్చండి, పాతదాన్ని అలాగే ఉంచండి, వారం గడిచాక తీసెయ్యండి. అప్పుడే పాత కోడ్‌కి తిరిగి వెళ్లినా డేటాబేస్ దాన్ని గుర్తుపడుతుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో మామూలుగా ఇండెక్స్ (త్వరగా వెతకడానికి కట్టే సూచిక) కడితే అది పూర్తయ్యేదాకా ఆ టేబుల్‌లోకి రాతలు ఆగిపోతాయి, అందుకే కాంకరెంట్లీ అన్న మాట చేర్చి కట్టాలి. కనెక్షన్ల లెక్క కూడా చూడండి. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్‌గా 100 కనెక్షన్లే ఇస్తుంది. యాప్ ప్రాసెస్‌లు నాలుగుండి, ఒక్కోదానికి పూల్ (అది తెరిచి ఉంచుకునే కనెక్షన్ల సంఖ్య) 30 అని పెట్టి ఉంటే మొత్తం 120. టెస్టింగ్‌లో అది ఎప్పుడూ బయటపడదు, జనం వచ్చిన మొదటి పది నిమిషాల్లో పడుతుంది.

బ్యాకప్ ఉందని ఎవరైనా అంటే, వేరే సర్వర్‌లో రీస్టోర్ చేసి ఆర్డర్ల టేబుల్‌లో ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టి చూపించమను. 2017 జనవరి 31 రాత్రి, కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు రెండో సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ సర్వర్‌లోనే డేటా ఫోల్డర్ తుడిచేశాడు. బ్యాకప్ కోసం వెతికితే, డంప్ (డేటా నకలు) తీసే ప్రోగ్రామ్ వెర్షన్ డేటాబేస్ వెర్షన్‌తో కుదరక అది విఫలమవుతూ ఉందని తేలింది. ఆ సంగతి చెప్పే మెయిళ్లను కూడా మెయిల్ సర్వర్ తిప్పికొట్టేసింది. చివరికి ఆరు గంటల డేటా పోయింది. రాత్రిపూట అలసిన మనిషి, ఒకేలా కనిపించే రెండు టెర్మినళ్లు (కమాండ్లు కొట్టే తెరలు). ప్రొడక్షన్ టెర్మినల్‌కి ఎర్ర రంగు నేపథ్యం పెట్టించడానికి రెండు నిమిషాలు చాలు.

స్టేజింగ్‌లో నడిచి ప్రొడక్షన్‌లో మొండికేసేవి మన దగ్గర కొన్ని ప్రత్యేకంగా ఉన్నాయి. మొదటిది ఓటీపీ. ఎస్సెమ్మెస్ మాటలు డీఎల్‌టీలో (వ్యాపార సందేశాల కోసం టెలికాం ఆపరేటర్లు నడిపే నమోదు వ్యవస్థలో) నమోదు చేసిన టెంప్లేట్‌తో సరిపోవాలి. ఎవరో చివర్లో ‘ధన్యవాదాలు’ అని ముచ్చటగా చేర్చినా ఆపరేటర్ ఆ సందేశాన్ని ఆపేస్తాడు, మీ లాగులో మాత్రం ‘పంపాం’ అనే ఉంటుంది. లింకు ఉంటే అది కూడా ముందే నమోదై ఉండాలి. తెలుగులో పంపుతుంటే ఒక ఎస్సెమ్మెస్‌కి 70 అక్షరాలే, ఇంగ్లిష్‌లోలా 160 రావు. గుణింతం గుర్తులు, పొల్లు కూడా విడిగా లెక్కకొస్తాయి. దాటితే రెండు ఎస్సెమ్మెస్‌ల బిల్లు. జియో, ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్‌ఎన్‌ఎల్ నాలుగు నంబర్లకూ మంగళవారమే పంపి, ఎన్ని సెకన్లకు వచ్చిందో రాసుకోండి.

రెండోది పేమెంట్. పేమెంట్ గేట్‌వే ఇచ్చిన టెస్ట్ కీలు తీసి లైవ్ కీలు పెట్టడం అందరికీ గుర్తుంటుంది. వెబ్‌హుక్ చిరునామా, అంటే డబ్బు పడిందని గేట్‌వే మీ సర్వర్‌కి కబురు పంపే చోటు, లైవ్ డాష్‌బోర్డులో విడిగా పెట్టాలన్నది మరిచిపోతారు. ఒక్క రూపాయి ఆర్డర్ పెట్టి నిజం యూపీఐతో కట్టండి. రెండోసారి, డబ్బు కట్టాక సైట్‌కి తిరిగి రాకుండా బ్రౌజర్ మూసెయ్యండి. జనం చేసేది అదే. వెబ్‌హుక్ సరిగ్గా ఉంటే ఆర్డర్ దానంతటదే ఖరారవుతుంది. అదే వెబ్‌హుక్ రెండుసార్లు వచ్చినా ఒక్క ఆర్డరే పడాలి. ఆ రూపాయికి రిఫండ్ కూడా కొట్టి చూడండి.

మిగతావి త్వరగా చెబుతాను. సర్వర్ గడియారం మన సమయంలో కాకుండా యూటీసీలో (అంతర్జాతీయ సమయంలో) ఉంటే, అర్ధరాత్రి మొదలవ్వాల్సిన ఆఫర్ పొద్దున 5:30కి మొదలవుతుంది. ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ డిఫాల్ట్‌గా 1 ఎంబీ దాటిన ఫైలును తిప్పికొడుతుంది, ఫోన్‌లో తీసిన ఫొటో సాధారణంగా అంతకన్నా పెద్దదే. మీ డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయితే క్యారెక్టర్ సెట్ (అక్షరాలు దాచుకునే పద్ధతి) యూటీఎఫ్8ఎంబీ4 ఉండాలి. పాత యూటీఎఫ్8లో తెలుగు బాగానే పడుతుంది కాబట్టి అనుమానం రాదు, చిరునామాలో ఎవరైనా ఎమోజీ పెట్టినప్పుడు ఆర్డర్ విరిగిపోతుంది. స్టేజింగ్ నుంచి వచ్చిన రోబోట్స్ ఫైలు (సెర్చ్ ఇంజిన్లు ఏం చూడొచ్చో చెప్పేది) గూగుల్‌ను ఇంకా అడ్డుకుంటోందేమో చూడండి. డీఎన్‌ఎస్ (సైట్ పేరు ఏ సర్వర్‌దో చెప్పే చిట్టా) మారుస్తుంటే టీటీఎల్‌ను, అంటే ఆ జవాబును ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే అంకెను, ముందే 300 సెకన్లకు తగ్గించాలి. పాత టీటీఎల్ 86400 సెకన్లు అయితే ఆ తగ్గింపు జనానికి చేరడానికే పూర్తిగా ఒక రోజు పడుతుంది.

మీ యజమాని ముహూర్తం పెట్టించాడని రాశావు. దాని గురించి విసుక్కోకు. ఆయన నమ్మకానికీ మీ జాగ్రత్తకూ పేచీ లేని పద్ధతి ఉంది. కోడ్‌ను పొద్దున 7 గంటలకే ప్రొడక్షన్‌లో ఎక్కించి, ఫీచర్ ఫ్లాగ్ (కోడ్ మార్చకుండానే ఫీచర్‌ను తెరిచి మూసే స్విచ్) వెనక దాచి, మీ ఆరుగురి నంబర్లకు మాత్రమే తెరవండి. మూడు గంటలు మీరే ఆర్డర్లు పెట్టి చూసుకోండి. అడ్మిన్ పేజీలో ఒక బటన్ పెట్టి, ముహూర్తానికి ఆయన చేతే నొక్కించండి. నొక్కడానికి ఒక్క క్షణం చాలు. బుధవారం రాహుకాలం 12కి మొదలవుతుంది కాబట్టి 10, 11 మధ్యే సమయం పెట్టి ఉంటారు, మీకూ అదే మంచిది. ఏదైనా తేడా వస్తే సరిచేసుకోవడానికి పగలంతా ఉంటుంది, గేట్‌వే వాళ్ల సపోర్ట్‌లో మనుషులు దొరుకుతారు. అసలు శుక్రవారం సాయంత్రం పెట్టమంటేనే గట్టిగా వాదించాలి.

మాట్లాడుకునే పద్ధతి కూడా ముందే అనుకోండి. గ్రూపులో బొటనవేలు గుర్తు పెడితే చూశాడనా, చేశాడనా? ఆ రోజుకు అది మానెయ్యండి. ‘పేమెంట్ ఎర్రర్ నేను చూస్తున్నాను, 10 నిమిషాల్లో చెబుతాను’ అని రాయాలి. అలా రాశాక ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదు. 10 నిమిషాలకు జవాబు రాకపోతే నువ్వే అడుగు. కమాండ్ల గ్రూపు వేరుగా, కబుర్ల గ్రూపు వేరుగా ఉంచండి. అందరికన్నా చిన్నవాడికి కూడా ‘ఆపండి’ అనే హక్కు ఉందని మంగళవారం మీటింగ్‌లో నీ నోటితో చెప్పు. అన్నాక, అది ఉత్త అనుమానమే అని తేలినా, అందరి ముందు ‘అడిగి మంచి పని చేశావు’ అను. ఒక్కసారి ముఖం చిట్లించావంటే, రెండోసారి అతను నోరు విప్పడు.

మంగళవారం రాత్రి 8 తర్వాత ఎవరూ ఆఫీసులో ఉండకూడదు. అప్పటికి పని పూర్తికాకపోతే లాంచ్‌ను ఒక రోజు వెనక్కి జరపమని అడగడం నీ బాధ్యత. నిద్రలేని ఆరుగురి కన్నా నిద్రపోయిన నలుగురు మేలు. ఆడపిల్లలకు, దూరం వెళ్లేవాళ్లకు క్యాబ్ నువ్వే బుక్ చెయ్యి. బుధవారం భోజనం రెండు జట్లుగా పంపు, గ్రాఫుల ముందు కుర్చీ ఖాళీ కాకుండా.

తెరిచాక ఎప్పుడు వెనక్కి వెళ్లాలో అంకెల్లో ముందే రాసిపెట్టుకోండి. ఉదాహరణకు పేమెంట్లు నూటికి ఐదు కన్నా ఎక్కువ, వరుసగా ఐదు నిమిషాలు విఫలమైతే ఫ్లాగ్ మూసెయ్యడం. మీ అంకె వేరే ఉండొచ్చు, కానీ అది మంగళవారం రాసినదై ఉండాలి. బుధవారం పదిమంది నిలబడి చూస్తుంటే ‘ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం’ అనే అనిపిస్తుంది. ముందు నూటికి ఐదుగురికే తెరుద్దామని ఎవరైనా అంటే, మీకు మొదటి గంటలో వచ్చేది ఎంతమందో లెక్క వేసుకో. రెండు వందలైతే ఐదు శాతం అంటే పదిమంది, ఆ పదిమందిని చూసి ఏమీ తెలియదు. దానికన్నా తెలిసిన యాభైమంది కస్టమర్లకు ముందు లింకు పంపడం మేలు.

మొదటి రెండు గంటలు ఎవరి కుర్చీలో వాళ్లు. ఆ తర్వాత ముగ్గురిని ఇంటికి పంపించు, ఎందుకంటే రాత్రి డ్యూటీ వాళ్లదే. లాంచ్ కోసం తాత్కాలికంగా ఇచ్చిన ప్రొడక్షన్ పాస్‌వర్డ్‌లు సాయంత్రం 6 లోపు మార్చించు.

షీట్ తయారవగానే నాకు పంపు. రోల్‌బ్యాక్ కాలమ్ ముందు చదివి, ఖాళీలుంటే సోమవారం రాత్రికే ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో,
మీ బాబాయి